అందరూ తిన్నాక

మక్కకంకి గింజల ముద్ద మా చిన్నదాని పెదవి మీద ఉంది. అత్తమ్మ ఆ గింజలను తన నోట్లో నమిలి, మెత్తగా చేసి, వేలితో పాప నోట్లో పెడుతూ దగ్గింది. రెండే దగ్గులు. నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఆమెకు చేయి ఖాళీ లేదు. ఒక చేతిలో కాల్చిన కంకి, ఇంకో చేతి వేలు పాప నోట్లో. ఆ దగ్గు గాలికి పాప కనురెప్పలు టపటపా కొట్టుకున్నాయి.

వాకిట్లో బట్టలు ఆరేస్తున్న నేను ఆ కనురెప్పలను చూశాను. భయం అనే మాట మనసులోకి రాకముందే చేతిలోని తడి చీర కింద పడింది. పరుగున వచ్చి పాపను లాక్కున్నాను. నోట్లో వేలు పెట్టి ఆ ముద్దను గీకి బయట పారేశాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. అత్తమ్మ కంకి పట్టుకుని అట్లాగే కూర్చుంది. ఏమైందో నా ముఖంలో చూసి తెలుసుకుంది.

అది ఆషాఢ మాసం. దేవరకొండలో రెండు అర్రల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ముందర ఇనుప జాలీ పెట్టిన చిన్న వసారా, దాని ముందు వాకిలి. నా భర్తకు చిట్యాల దగ్గర ఒక కంపెనీలో పని, వారానికి ఒక్కరోజు వచ్చేవాడు. నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. చిన్నది తొమ్మిది నెలల పిల్లగా ఉన్నప్పుడే నేను మళ్లీ బడికి పోగలిగానంటే అది అత్తమ్మ వల్లనే. ఊళ్లో ఉన్న రెండెకరాల చెలకను కౌలుకిచ్చి, బట్టల మూటతో వచ్చి, "పో, నీ నౌకరి నువ్వు చేసుకో, పిల్లలు నాకు పెద్ద పనా" అంది. అప్పటి నుంచి పిల్లలిద్దరూ నాకంటే ఎక్కువ ఆమెకే అలవాటయ్యారు.

సాయంత్రం దీపాలు పెట్టగానే వాళ్ల ముగ్గురి భోజనం. ఒకటే పళ్లెం. పెద్దదానికి అప్పటికి ఏడేళ్లు, తన చేత్తో తినగలదు. అయినా నోరు తెరుచుకుని అవ్వ ముందే కూర్చునేది. అత్తమ్మ ఒక ముద్ద పెద్దదానికి, ఒక ముద్ద చిన్నదానికి, ఒకటి తనకు పెట్టుకునేది. గట్టివి ఏవైనా ఉంటే నమిలి చిన్నదానికి ఇచ్చేది. పల్లీలు, రొట్టె అంచు, మక్క గింజలు అన్నీ అట్లాగే. మా ఊళ్లలో అవ్వలు అందరూ చేసేదే. నన్నూ మా అవ్వ అట్లాగే పెంచింది. తిన్నాక గడప మీద కూర్చుని కథలు చెప్పేది. నిద్ర వచ్చేదాకా రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తర్వాత ఆమెకు అటొకరు ఇటొకరు పడుకునేవాళ్లు.

దగ్గు ఆ కంకి రోజుకు నెల ముందే మొదలైంది. పొడి దగ్గు. గల్లీలో ఉన్న ఆరెంపీ సీసా మందు ఇచ్చాడు, తగ్గలేదు. మోకాళ్ల నొప్పులకు కూడా అతనే ఇచ్చిన మాత్రలను ఆమె పొద్దున ఖాళీ కడుపుతో మింగేది. అది నేను పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నది ఒక్కటే. మా మామ టీబీతో పోయాడు.

ఆయన్ను నేను చూడలేదు. నా పెళ్లికి చాలా ఏళ్ల ముందే పోయాడు. చివరి సంవత్సరం ఆయన్ను చెలక దగ్గర కొట్టంలో ఉంచారని, నా భర్త చిన్నపిల్లవాడు కాబట్టి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదని విన్నాను. నేను టీబీ గురించి డిగ్రీలో చదివినదాన్ని, బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు తుంపరలు ఎంత దూరం పోతాయో నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించేదాన్ని. కరోనా పోయి ఎక్కువ కాలం కాలేదు. ఎవరైనా దగ్గితే బస్సులో పక్కవాళ్లు ఇంకా జరిగి కూర్చుంటున్న రోజులవి. చదువు, భయం నాలో ఒకదానికొకటి తోడయ్యాయి.

ఆ సాయంత్రం ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక చాలాసేపు బియ్యం ఏరాను. ఏరడానికి రాళ్లు కూడా లేవు. చివరికి, దవాఖానలో పరీక్షలు అయ్యేదాకా పిల్లలను కొంచెం దూరంగా ఉంచుదామని అనబోయాను. మాట సగంలో ఉండగానే అత్తమ్మ అందుకుంది.

"ఎరికే బిడ్డా. నాకు చెప్పాల్నా."

స్టూలు ఎక్కి, సజ్జ మీది నుంచి ఒక సంచి దించింది. ఆమె ఊరి నుంచి తెచ్చుకున్న సంచి, అప్పటిదాకా విప్పగా నేను చూడలేదు. అందులో పాతచీర ముక్కలో చుట్టిన స్టీలు గ్లాసు ఉంది. అంచు ఒకచోట సొట్టపోయింది.

"గిది మీ మామది. కొట్టంల ఉన్నన్నొద్దులు దీంట్లనే తాగిండు. పారేద్దామంటె పానం ఒప్పలె. ఇగో, ఇప్పుడు పనికొచ్చింది."

నవ్వుతూనే అంది. నేను ఆ గ్లాసు తీసుకుని కడిగాను. వద్దని అనలేదు. ఇంట్లో వేరే గ్లాసులు పన్నెండు ఉన్నాయి.

అట్లా ఆమె మంచం వసారాలోకి పోయింది. పళ్లెం, గ్లాసు, గిన్నె ఒక ప్లాస్టిక్ బుట్టలో వేరుగా పెట్టాను. తిండి వేళ మార్చింది కూడా నేనే. పిల్లల ముందు తింటే చిన్నది పోయి పళ్లెంలో చేయి పెడుతుంది, కాబట్టి పిల్లలు పడుకున్నాక తినమని చెప్పాను. సరే అంది. కానీ అవ్వ పక్కన లేకుండా పిల్లలు పడుకునేవాళ్లు కాదు. చిన్నది వసారా తలుపు దగ్గరికి పాకుతూ పోయి, దర్వాజ కింది సందులో వేళ్లు పెట్టి పిలిచేది. అవతలి వైపు నుంచి చప్పుడు ఉండేది కాదు. వాళ్లు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేసరికి తొమ్మిదిన్నర దాటేది. అప్పుడు అత్తమ్మ లేచి, నేను పెట్టింది తిని, తన గిన్నెలు తానే కడుక్కుని, పడుకునేసరికి పది దాటేది.

పడుకున్న కాసేపటికి దగ్గు మొదలయ్యేది.

ఇంతకుముందు అంత దగ్గు లేదు. పగటిపూట ఒకటి రెండుసార్లు వచ్చేది ఇప్పుడు రాత్రి ఆగకుండా వస్తోంది. నేను లోపలి అర్రలో చిన్నదాన్ని గుండెకు హత్తుకుని, తలుపు గడియ వైపు చూస్తూ వినేదాన్ని. ఎక్కువైన ప్రతి దగ్గూ నా అనుమానానికి సాక్ష్యంలాగా అనిపించేది. దూరంగా పెట్టి మంచి పనే చేశాను అనుకునేదాన్ని. ఈ మాట రాయడానికి చేయి రావడం లేదు కానీ, అనుకున్నాను.

ఏమీ చేయలేదనిపించుకోకూడదని రాత్రిపూట కషాయం కాచేదాన్ని. మిరియాలు, శొంఠి, తులసాకు. దగ్గు పెరిగిన కొద్దీ మిరియాలు పెంచాను. మామ గ్లాసు నిండా పోసి మంచం పక్కన పెడితే, ఆమె తాగి, గొంతు పట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేది. "ఘాటున్నదా అత్తమ్మా" అంటే, "ఘాటుంటేనే మందు" అనేది.

పిల్లలకు కూడా ఒకటి నేర్పాను. అవ్వ దగ్గితే ముక్కు, నోరు మూసుకోవాలని. పెద్దది ఒక్కరోజులో నేర్చుకుంది. ఎందుకని అడిగింది, పురుగులు అని చెప్పాను. చిన్నదానికి అదొక ఆట. వసారాలో దగ్గు వినబడగానే గౌను అంచు ఎత్తి ముక్కు మీద పెట్టుకుని నా వైపు చూసేది. మొదటిసారి అట్లా చేసినప్పుడు నేను చప్పట్లు కొట్టి శభాష్ అన్నాను. తలుపు తెరిచే ఉంది. అత్తమ్మ వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేయించాం. రెండు రోజులు రెండు డబ్బాలు ఇచ్చాం. ఎక్స్‌రే తీశారు. టీబీ లేదని చెప్పారు. ఇంకోసారి చూడమని నేను అడిగితే, అక్కడి ఆయన విసుక్కుని, లేని రోగం ఎట్లా చూపించాలమ్మా అన్నాడు. ఆ సాయంత్రం దీపాలు పెట్టగానే, కాళ్లు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వంటింటి గడప దగ్గరికి వచ్చి కూర్చుంది. మునుపటిలాగానే గోడకు ఆనుకుని, ఒక మోకాలు ముడుచుకుని.

నేను రెండే పళ్లేలు పెట్టాను. పిల్లలకు చెరొకటి.

అంతకు ముందు రోజే ఇంటి ఓనరమ్మ, మా చుట్టాలాయనకు గూడ ఫస్టు ఏం కానరాలేదు, ఆర్నెల్లకు బయటపడ్డదని చెప్పింది. ఇంకొన్నాళ్లు చూద్దాం, పోయేదేముంది అనుకున్నాను. అత్తమ్మ ఆ రెండు పళ్లేల వైపు చూసింది. తర్వాత, వాకిలి ఊడ్వలేదు గదా అని తనలో తాను అనుకున్నట్టు అని, లేచి బయటికి పోయింది. వాకిలి ఆమె సాయంత్రమే ఊడ్చింది. చీపురు చప్పుడు చాలాసేపు వినబడింది.

బతుకమ్మ వచ్చింది. ఏటా మేం ఊరికి పోతే అత్తమ్మ పెద్దదానితో కలిసి పేర్చేది. ఆ ఏడు వసారా మెట్ల మీద కూర్చుని, తంగేడు పూలను కొమ్మల నుంచి దూసి ఒక చేటలో కుప్ప పోసింది. పెద్దది వచ్చి ఆ చేటను అంచు మాత్రమే పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. బతుకమ్మను మేమే పేర్చాం. ఒక పక్కకు ఒరిగిపోయింది.

చలికాలానికి ఆమె గొంతు బొంగురుపోయింది. కథలు మానేసి అప్పటికే చాలా రోజులైంది కాబట్టి మాకు ఆ సంగతి తెలియలేదు. కనిపెట్టింది నా భర్త. కొన్ని వారాలు రావడం కుదరక ఫోను చేసినప్పుడు అమ్మ గొంతు గుర్తుపట్టక, ఎవరు మాట్లాడేది అని అడిగాడట. నల్లగొండలో గొంతు డాక్టరుకు చూపించమని నాతో గట్టిగా చెప్పాడు. శివరాత్రికి ముందు, బడికి ఒక్కరోజు సెలవు పెట్టి, నేనూ అత్తమ్మా పోయాం.

డాక్టరమ్మ వయసులో పెద్దది. నోరు తెరిపించి, సన్నటి గొట్టంతో గొంతు లోపలికి చూసింది. కాగితాలన్నీ తిరగేసింది. పొద్దున లేవగానే నోట్లో పులుపు తెలుస్తదా, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటదా అని అడిగింది. రెంటికీ అత్తమ్మ అవునంది. ఈ రెండూ ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు.

"రాత్రి అన్నం ఎన్నిటికి తింటవమ్మా?"

"పది అయితది."

"అంత ఆలస్యం ఎందుకు?"

గోడ మీద క్యాలెండరు ఉంది. నేను దాని మీది అంకెలు చూస్తున్నాను.

"నాకే ఆకలి గాదు డాక్టరమ్మా," అంది అత్తమ్మ. "మా కోడలు పొద్దుగూకంగనే పెడ్తనంటది. నేనే ఇననూ."

నేను నోరు విప్పలేదు. అది అబద్ధమని చెప్పడానికి అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.

తిన్న ఎంతసేపటికి పడుకుంటావని డాక్టరమ్మ అడిగింది. బోళ్లు కడుక్కుని పడుకుంటానంది అత్తమ్మ. పడుకునే ముందు ఏమైనా తాగుతావా అంటే, మా కోడలు మిరియాల కషాయం మంచిగ చేస్తదని, ఒక్కరోజు గూడ తప్పియ్యదని గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. తర్వాత ఒక కాగితం మీద సంచిలాంటి బొమ్మ గీసి, పైకి ఒక గీత గీసింది. కడుపులో అన్నం అరిగించే పులుపు ఉంటదని, తిన్న వెంటనే పండుకుంటే అది గొంతుదాకా ఎక్కుతదని, అక్కడ కాలుస్తదని, ఈ దగ్గు ఊపిరితిత్తులది కాదని చెప్పింది. గుండెలో మంట లేకుండా ఒట్టి దగ్గే వచ్చేవాళ్లు కూడా ఉంటారంది. మోకాళ్ల మాత్రలు ఆపించింది. కషాయం బంద్ అంది. పొద్దుగూకగానే తినాలి, తిన్నాక మూడు గంటలు నడుం వాల్చొద్దు, మంచం తల వైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాలి, మాత్ర పరగడుపున వేసుకోవాలి, తగ్గడానికి నెలలు పట్టొచ్చు. చివరికి, చీటీ చింపి ఇస్తూ, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని మామూలుగా చెప్పింది.

పొద్దుగూకగానే తినడం, తిన్నాక గడప మీద కూర్చుని కథలు చెప్పడం. ఎనిమిది నెలల ముందు ఆమె చేస్తున్నది అదే. దాన్ని మాన్పించింది నేను. దగ్గు ఉందని దూరం పెట్టాను. దూరం పెట్టినందుకు దగ్గు ఎక్కువైంది. నల్లబల్ల మీద అన్నవాహిక, జీర్ణాశయం బొమ్మను ప్రతి ఏడాదీ గీసేదాన్ని. ఆమ్లం పేరు కూడా రాసేదాన్ని.

బస్సు మల్లేపల్లి దాటింది. కిటికీ అవతల పత్తి ఏరేసిన చేలల్లో ఎండిన కట్టె నిలబడి ఉంది. అత్తమ్మ అటే చూస్తూ అడిగింది.

"అయితే గిది అంటదన్నట్టా?"

"అంటదు అత్తమ్మా."

"మంచిగైంది. పిల్లలకు ఏం గాలే."

తర్వాత మామ సంగతి చెప్పింది. అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. కొట్టం దగ్గరికి అన్నం తీసుకుపోయి, కొంచెం దూరంలో పళ్లెం పెట్టి, ఒక పొడుగాటి కట్టెతో ముందుకు నూకేదట. చిన్నపిల్లవాడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి అట్లా చేయమని అందరూ చెప్పారట.

"నూకినప్పుడు ఆయన అన్నం దిక్కు చూడకపోతుండె. కట్టె దిక్కు చూస్తుండె. గదే యాదికొస్తది." కొంగు సవరించుకుంది. "నువ్వు నూకలే బిడ్డా. చేతికే ఇచ్చినవ్."

ఆమె నన్ను ఓదార్చడానికే అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇల్లు చేరగానే పొయ్యి వెలిగించాను. వెలుగు ఉండగానే అన్నం, కారం లేని పప్పు వండాను. ఒకటే పళ్లెం పెట్టి, పిల్లలను కూర్చోబెట్టి అత్తమ్మను పిలిచాను. రెండుసార్లు పిలిచాక వచ్చింది. తన గ్లాసు తాను తెచ్చుకుంది. గోడకు ఆనుకుని, మోకాలు ముడిచి కూర్చుని, ముద్ద కలిపింది. చిన్నదాని నోటి దగ్గరికి ఆ ముద్ద పోతుండగా దగ్గు వచ్చింది. ఈసారి ఆమె తల పక్కకు తిప్పి, భుజంలో ముఖం దాచుకుని దగ్గింది.

చిన్నది గౌను అంచు ఎత్తి ముక్కు మీద పెట్టుకుంది. ఇంకో చేత్తో పళ్లేన్ని తన వైపు లాక్కుంది. తర్వాత నా వైపు తిరిగి, శభాష్ అంటానేమో అని చూసింది.

అత్తమ్మ నవ్వింది. "హుషారున్నది పోరి. అమ్మ చెప్పిన మాట ఇంటది" అంది. చేతిలో ఉన్న ముద్ద తానే తిని, ఇంకో పళ్లెం పెట్టించుకుని వసారా మెట్ల మీదికి పోయి కూర్చుంది. నేను బతిమాలితే, వద్దు, భయపెట్టకు, చిన్నపిల్ల అంది. దాని భయం నేను పెట్టిందని ఆమెకూ తెలుసు.

ఆ రాత్రి మంచం తల వైపు ఇటుకలు పెట్టాను. అత్తమ్మ పడుకుని చూసి, ఇట్ల పండుకుంటే తెల్లారేసరికి కాళ్ల దిక్కు కుప్పయి ఉంటనేమో అంది. ఇద్దరం నవ్వాం. కషాయం గిన్నె బోర్లించి పెట్టాను. లోపలికి వచ్చి, వసారా తలుపు తెరిచే ఉంచి పడుకున్నాను. దగ్గు వచ్చింది, మునుపటి కంటే కొంచెం ఆలస్యంగా.

ఇదంతా జరిగి రెండేళ్లు దాటింది. పిల్లలు పడుకున్నాక ఈ నోటుబుక్కు ముందు కూర్చున్నాను. అత్తమ్మ దగ్గు చాలావరకు పోయింది. కథలు కూడా మళ్లీ చెబుతోంది, బొంగురు గొంతుతోనే. పెద్దది ఆమె పక్కన కూర్చుని వింటుంది. చిన్నది కొంచెం ఇవతల కూర్చుంటుంది. పిల్లల మధ్య అత్తమ్మ మళ్లీ పడుకోలేదు. మంచం వంకరగా ఉందిగా, పిల్లలు జారిపోతారని చెబుతుంది. నమిలి పెట్టే వయసు చిన్నదానికి ఎప్పుడో దాటిపోయింది. ఆ వయసులో పోయిన ఎనిమిది నెలలను నేను ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వగలను?

డాక్టరమ్మ దగ్గరికి పోయివచ్చిన మరునాటి పొద్దున మాత్రం నేను ఒక పని చేశాను. పిల్లలిద్దరూ వాకిట్లో పళ్లు తోముకుంటున్నారు. అత్తమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. బుట్టలోంచి ఆ సొట్ట గ్లాసు తీసి, బిందెలోంచి నీళ్లు ముంచి ఆమెకు ఇచ్చాను. ఆమె సగం తాగింది. మిగిలిన సగం నేను పిల్లల ముందు నిలబడి తాగాను. పెద్దది నోట్లో నురుగుతోనే, అమ్మా అది అవ్వ గ్లాసు అని అరిచింది. చిన్నది గౌను అంచు పట్టుకుంది, ఎత్తాలా వద్దా అన్నట్టు చూస్తోంది.

వాళ్ల ముందు గొంతుక్కూర్చున్నాను. నిన్న డాక్టరమ్మ దగ్గర మూసుకున్న నోరు ఇప్పుడైనా తెరవాలి. అత్తమ్మ వినేటట్టే చెప్పాను.

"అవ్వకు అంటుకునే రోగం లేదు బిడ్డా. అవ్వ దగ్గుల పురుగులు లేవు. నేను భయపడ్డ. భయపడి మీకు తప్పు నేర్పిన. అవ్వను అందరికంటె ఎనుక తినమన్నది నేనే, గందుకే అవ్వకు దగ్గు ఎక్కువైంది. ఇప్పటి సంది అవ్వ దగ్గితే ముక్కు మూసుకోవద్దు. మంచినీళ్లు తెచ్చియ్యాలె. పొద్దుగూకంగనే అవ్వకు ముందుగాల పెడ్దాం. అవ్వ తిన్నంకనే మనం."